గేటు అవతల కుక్క: ఇంటింటికీ తిరిగే ఉద్యోగులకు ఏం నేర్పాలి, సంస్థలు ఏం చేయాలి

క్లుప్తంగా: ఇళ్ల చుట్టూ తిరిగే ఉద్యోగాల్లో కుక్క దాడి అనేది ముందే ఊహించగలిగిన పని ప్రమాదం. కుక్క ఎదురైనప్పుడు ఎలా నిలబడాలో నేర్పడం అవసరమే. కానీ చాలా కాట్లు ఆగేది అంతకు ముందు జరిగే పని వల్ల. ఏ ఇంట్లో కుక్క ఉందో రాసిపెట్టుకోవాలి, గేటు బయటే ఆగిపోయే హక్కు ఉద్యోగికి ఉండాలి, ఆ ఆలస్యానికి డబ్బు కోయకూడదు. అమెరికా తపాలా శాఖ శిక్షణనూ ఈ ముందస్తు పనినీ కలిపి చేస్తోంది. మన దగ్గర శిక్షణే సరిగా మొదలు కాలేదు.

## హైదరాబాద్‌లో జరిగిన రెండు ఘటనలు

2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక అపార్టుమెంటుకు ఫుడ్ పార్సిల్ తీసుకెళ్లిన డెలివరీ కుర్రాడు మూడో అంతస్తులో ఒక ఇంటి తలుపు తట్టాడు. లోపలున్న జర్మన్ షెపర్డ్ మీదికి దూసుకొచ్చింది. పరిగెత్తి తప్పించుకునే ప్రయత్నంలో పైనుంచి కిందపడ్డాడు. నిమ్స్‌లో చికిత్స పొందుతూ కొద్ది రోజులకే చనిపోయాడు. అతనికి ఇరవై మూడేళ్లు. అదే ఏడాది మే నెలలో మణికొండలో పరుపు డెలివరీ చేయడానికి వెళ్లిన మరొకరు డాబర్‌మన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి దూకేశారు. తీవ్రంగా గాయపడ్డా ప్రాణం దక్కింది.

ఈ రెండింటిలోనూ అసలు హాని చేసింది కుక్క పళ్లు కాదు, కిందపడటం. ఉద్యోగుల శిక్షణ గురించి ఆలోచించేవాళ్లు ముందుగా పట్టించుకోవాల్సింది ఈ సంగతినే. కుక్క మీదికి వచ్చిన క్షణంలో మనిషి ఏం చేస్తాడన్నది తర్కంతో తేలే వ్యవహారం కాదు. అప్పటికే ఒంటికి అలవాటైన పనే చేస్తాడు. ఏ అలవాటూ లేకపోతే పరిగెడతాడు. మూడో అంతస్తు వరండాలో పరుగెత్తడానికి చోటెక్కడుంటుంది?

ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ చర్చ కుక్క జాతి మీదికి, యజమాని నిర్లక్ష్యం మీదికి వెళ్తుంది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ వాటి పెంపకం, అమ్మకాల మీద నిషేధం విధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. నెల తిరక్కుండానే కర్ణాటక హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు, డాబర్‌మనూ లేదు. అంటే ఆ నిషేధం నిలబడి ఉన్నా పైన చెప్పిన ఇద్దరికీ దాని వల్ల ఒరిగేదేమీ లేదు. పని మీద వెళ్లే మనిషికి ముప్పు జాతిని బట్టి కాకుండా పరిస్థితిని బట్టి వస్తుంది. ఇంటి కుక్క, తెరిచిన తలుపు, కొత్త మనిషి, తప్పించుకోవడానికి దారి లేని చోటు: ఇవన్నీ ఒకచోట కలిస్తే ఏ జాతి అయినా ఒకటే.

## ఎవరెవరికి ఈ ముప్పు

డెలివరీ కుర్రాళ్లు వార్తల్లో ఎక్కువగా కనబడతారు గానీ ఈ జాబితా చాలా పెద్దది. కరెంటు బిల్లు కొట్టేవాళ్లు, గ్యాస్ బండ వేసేవాళ్లు, పోస్ట్‌మ్యాన్లు, చెత్త ఆటో సిబ్బంది, తెల్లవారుజామున రోడ్లూడ్చే పారిశుద్ధ్య కార్మికులు, పాల ప్యాకెట్లూ పేపర్లూ వేసేవాళ్లు, కేబుల్, ఇంటర్నెట్ రిపేరుకు వచ్చేవాళ్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, రాత్రి కాపలా ఉండే వాచ్‌మెన్లు. ఆంధ్రప్రదేశ్‌లో నెల ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగులు పొద్దున్నే పింఛను డబ్బు పట్టుకుని గడప గడపకూ వెళ్తారు. తెలంగాణలో 2024 నవంబరులో జరిగిన ఇంటింటి కుటుంబ సర్వేకు ఎన్యూమరేటర్లుగా వెళ్లినవాళ్లలో బడి పంతుళ్లు చాలామంది. 2027 జనగణనలో ఇళ్ల లెక్కింపుకూ అంతే. ఏడాదంతా తరగతి గదిలో ఉండే మనిషి హఠాత్తుగా వందల గేట్లు తెరవాల్సి వస్తుంది. ఫారం ఎలా నింపాలో రోజుల తరబడి శిక్షణ ఉంటుంది. గేటు ఎలా తెరవాలో మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు.

కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్క కాటు కేసులు నమోదయ్యాయి. అది పిల్లలూ పెద్దలూ, ఇంట్లో ఉన్నవాళ్లూ పని మీద వెళ్లినవాళ్లూ అందరినీ కలిపి చెప్పిన అంకె. పని వేళలో పడిన కాట్లను విడిగా లెక్కగట్టకపోతే అవి పని ప్రమాదాల పద్దులోకి ఎప్పటికీ రావు. కరెంటు షాక్ తగిలితే ప్రమాద నివేదిక రాస్తారు. కుక్క కరిస్తే ‘రెండు రోజులు సెలవు పెట్టుకో’ అంటారు. ఈ తేడాతోనే మొత్తం సమస్య మొదలవుతోంది.

## కుక్క ఎందుకు మీద పడుతుంది

శిక్షణలో ఏం చెప్పాలో తేలాలంటే ముందు కుక్క తీరు తెలియాలి. కుక్క చాలావరకు రెండు కారణాలతో కరుస్తుంది. భయంతో కరుస్తుంది, లేదా తనది అనుకున్న చోటును, మనుషులను, పిల్లలను, తిండిని కాపాడుకోవడానికి కరుస్తుంది. పగబట్టి కరవడం అనేది మనం అంటగట్టే మాట.

ఇంటింటికీ తిరిగేవాళ్ల మీద కుక్కకు ప్రత్యేకమైన కోపం ఎందుకో చూస్తే ఒక చక్రం కనబడుతుంది. కొరియర్ కుర్రాడు వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను పార్సిల్ ఇచ్చేసి వెళ్లిపోతాడు. పని అయిపోయింది కాబట్టి వెళ్లాడని ఇంట్లోవాళ్లకు తెలుసు. కుక్క లెక్క వేరు. తను మొరిగింది, వాడు పారిపోయాడు, తను గెలిచింది. మర్నాడు ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది, మళ్లీ గెలుస్తుంది. రోజుకు నాలుగైదు డెలివరీలు వచ్చే ఇంట్లో ఈ పాఠం నెలకు వంద సార్లకు పైగా వల్లెవేసినట్టు లెక్క. ఏదో ఒక రోజు గేటు సరిగా పడకపోతేనో, వచ్చినవాడు వెంటనే వెనక్కి తిరగకపోతేనో మొరుగు కాటుగా మారుతుంది. వచ్చే మనిషి తీరు కూడా దానికి తేడాగానే ఉంటుంది. నెత్తిన హెల్మెట్, వీపున పెద్ద పెట్టె, చేతిలో తిండి వాసన, ప్యాంటుకు అంతకు ముందు తిరిగొచ్చిన పది ఇళ్ల కుక్కల వాసన.

అందుకే ‘నన్నెప్పుడూ ఏమీ అనలేదు’ అన్న ధైర్యం నమ్మదగినది కాదు. అంతకన్నా నమ్మరానిది ఇంటివాళ్లు లోపల్నుంచి కేకేసే ‘ఏమీ అనదు, రండి’ అన్న మాట. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లను అది నిజంగానే ఏమీ అనదు. వాళ్లు చూసే కుక్క వేరు, బయటివాడికి ఎదురయ్యే కుక్క వేరు.

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను శిక్షణ మొదటి గంటలోనే పక్కన పెట్టించాలి. మొరిగేదీ కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. తోక ఊపుతోంది కాబట్టి స్నేహంగా ఉందన్నదీ సగం నిజమే. ఒళ్లంతా వదులుగా కదులుతూ తోక ఊపడం వేరు. ఒళ్లు కర్రలా బిగబట్టి, తోక పైకెత్తి, కొసను మాత్రం గబగబా ఆడించడం వేరు. రెండోది హెచ్చరిక. కుక్క కాటుకు ముందు చాలా సంకేతాలే ఇస్తుంది. తిండి ఎదురుగా లేకున్నా పెదాలు నాక్కుంటుంది, నిద్ర వేళ కాకున్నా ఆవలిస్తుంది, తల పక్కకు తిప్పి కళ్ల తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఆ తర్వాత నోరు మూసి బిగుసుకుపోతుంది, మెడ మీద వెంట్రుకలు లేస్తాయి, గుర్రుమంటుంది. రొప్పుతూ తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుని కుక్క కదలకుండా అయిపోయిందంటే, అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు.

కట్టేసిన కుక్క విషయంలోనూ భ్రమ వద్దు. గొలుసున్న కుక్కకు భయం వేస్తే దూరంగా పోయే వీలుండదు. దానికి మిగిలేది ఎదురు తిరగడమే. గొలుసు పొడవెంతో కుక్కకు బాగా తెలుసు, వచ్చినవాడికి తెలియదు.

## అమెరికా తపాలా శాఖ లెక్క

కుక్కల దాడిని పని ప్రమాదంగా గుర్తించి దాని చుట్టూ ఒక వ్యవస్థనే కట్టుకున్న సంస్థల్లో అమెరికా తపాలా శాఖ ముందుంటుంది. ఏటా ఎన్ని దాడులు జరిగాయో, ఏయే నగరాల్లో ఎక్కువో అంకెలు బయట పెడుతుంది. 2023లో 5,800కు పైగా, 2024లో 6,000కు పైగా దాడులు జరిగాయని ఆ శాఖే ప్రకటించింది. అంకెలు బయట పెట్టడం చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి.

అక్కడ ఉత్తరాలు పంచే ఉద్యోగికి నేర్పేవి సూటిగా ఉంటాయి. ఆవరణలోకి అడుగుపెట్టే ముందు ఏదో ఒక చప్పుడు చేయాలి, కంచెను కదిలించాలి. కుక్క ఉంటే దాన్ని కళ్లతో కనిపెట్టి ఉండాలి. నిద్రపోతున్నదాన్ని ఉలిక్కిపడేలా చేయకూడదు. ముద్దు చేయకూడదు, తిండి పెట్టకూడదు. తలుపు బయటికి తెరుచుకునేదైతే పాదం అడ్డుపెట్టాలి. దాడి జరిగితే వెనుదిరగకుండా నిలబడి సంచిని తనకూ కుక్కకూ మధ్య అడ్డుగా పెట్టాలి, అప్పుడూ ఆగకపోతే వెంట ఉన్న స్ప్రే కొట్టాలి.

వీటికన్నా గమనించాల్సింది ఆ మనిషి చేతిలోని స్కానర్. ఫలానా చిరునామాలో కుక్క ఉందని ఒకరు నమోదు చేస్తే, తర్వాత ఆ ఇంటికి వెళ్లే ఉద్యోగికి ఆ హెచ్చరిక స్కానర్‌లో కనబడుతుంది. ఆ దారిలో మామూలుగా తిరిగే మనిషి సెలవులో ఉండి బదులు ఇంకొకరు వెళ్లినప్పుడు దీని విలువ తెలుస్తుంది. పాత మనిషి బుర్రలో ఉన్న సమాచారం కొత్త మనిషికి అందుతుంది. కుక్క వదిలేసి ఉంటే ఆ ఇంటికి ఉత్తరాలు ఆపేసే అధికారం శాఖకు ఉంది. అవసరమైతే ఆ చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ ఆపేస్తారు, వచ్చి పోస్టాఫీసులో తీసుకోమంటారు. కుక్కను లోపల కట్టేయమని పక్కింటివాళ్లే అడగడం అప్పుడు మొదలవుతుంది.

బ్రిటన్ రాయల్ మెయిల్‌ది ఇంకో రకం ఇబ్బంది. అక్కడ తలుపుకే ఉత్తరాల సందు ఉంటుంది. ఉత్తరం లోపలికి తోసే వేళ్లను అవతలున్న కుక్క కొరుకుతుంది. దానికి ఉద్యోగులకు చిన్న పుల్లలాంటి సాధనం ఇచ్చారు. వేళ్లు లోపలికి పెట్టకుండా దాంతో ఉత్తరాన్ని తోస్తారు. ప్రమాదం ఎక్కడ జరుగుతోందో కచ్చితంగా లెక్క తీస్తే మందు ఎంత చవకగా దొరుకుతుందో చూపించే ఉదాహరణ ఇది. అక్కడి ప్రమాదకర కుక్కల చట్టం మొదట్లో ఇలాంటి దాడుల్లో చాలావాటికి వర్తించేది కాదు. 1991 నాటి ఆ చట్టం ప్రధానంగా బహిరంగ స్థలాల గురించి. ఇంటి ఆవరణలో జరిగిన దాడికీ యజమాని బాధ్యుడయ్యేలా ఇంగ్లండ్, వేల్స్‌లలో 2014లో దాన్ని మార్చారు. ఆ మార్పు కోసం పట్టుబట్టినవాళ్లలో తపాలా ఉద్యోగుల సంఘం ముఖ్యమైనది.

ఇంత చేసినా అమెరికాలో దాడులు తగ్గలేదన్నది దాచాల్సిన విషయం కాదు. 2022 ఆగస్టులో ఫ్లోరిడాలో బండి చెడిపోయి దారిలో ఆగిపోయిన ఒక తపాలా ఉద్యోగిని ఐదు కుక్కలు కలిసి చంపేశాయి. శిక్షణ ఒక్కదాని మీదే భారం వేయలేమని ఇంకో కోణంలోనూ ఆధారం ఉంది. కుక్కల దగ్గర ఎలా మెలగాలో పిల్లలకు నేర్పే కార్యక్రమాల మీద 2009లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించే సంస్థ) సమీక్ష జరిగింది. వాటి వల్ల కాట్లు తగ్గాయని నేరుగా చెప్పగలిగే ఆధారం దొరకలేదు. పాఠం విన్నంత మాత్రాన గేటు దగ్గర అది గుర్తుకొస్తుందని అనుకోలేం. చెవులతో విన్నది, చేత్తో రాసుకున్నది కాదు, ఒంటితో పదేపదే చేసిందే ఆ క్షణంలో పనికొస్తుంది.

## గేటు దగ్గర అర నిమిషం

మన ఊళ్ల గేట్ల గురించి అమెరికా పాఠాల్లో ఉండదు. ఇక్కడి శిక్షణ ఇక్కడి గేటు దగ్గరే మొదలవ్వాలి.

మన ఇళ్లలో ఎక్కువ గేట్లకు గడియ లోపలివైపు ఉంటుంది. బయటివాడు చువ్వల మధ్య నుంచో, దాని కోసమే వదిలిన కన్నంలోంచో చెయ్యి లోపలికి పెట్టి తడుముతూ తీస్తాడు. కళ్లకు కనబడని చోట, తనదనుకునే ఆవరణలోకి ముందుగా ఒక అరచెయ్యి చొచ్చుకువస్తే కుక్క ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. కరిచినప్పుడు మనిషి చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, చువ్వల మధ్య కండ చీలిపోతుంది. రాయల్ మెయిల్ పుల్లకు సమానమైన మన నియమం ఒకటే: గడియ కోసం గేటులో చెయ్యి పెట్టకూడదు. ఇంటివాళ్లు వచ్చి తీయాల్సిందే.

మీటరు రీడింగుకు వెళ్లిన మనిషినే తీసుకుందాం. గేటుకు అడుగు దూరంలో ఆగి గొళ్లేన్నో తాళాన్నో రెండుసార్లు గట్టిగా ఆడించాలి. ఆ చప్పుడుకు పెరట్లో పడుకున్న కుక్క అయినా లేస్తుంది. పదిదాకా లెక్కపెట్టుకుంటూ చుట్టూ చూడాలి. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు ఉంటే సరే, లేకపోతే దాని ఆనవాళ్లు ఉంటాయి. నీళ్ల గిన్నె, స్తంభానికి గొలుసు, కొరికిన చెప్పు, గేటు కింది భాగంలో గీరిన గుర్తులు, మట్టిలో గుంట. కుక్క కనబడితే లోపలికి అడుగు పెట్టకుండానే ఇంటివాళ్లను పిలవాలి. ‘దాన్ని గదిలో పెట్టి తలుపు వెయ్యండి’ అని అడగాలి. పట్టుకుంటే చాలదు, చేత్తో పట్టుకున్న మెడపట్టీ జారిపోతుంది. ఇది అడగడానికి మొహమాటపడే ఉద్యోగులే ఎక్కువ. కాబట్టి ఈ వాక్యాన్ని శిక్షణలో పైకి పలికించి అలవాటు చేయాలి, గౌరవంగానూ గట్టిగానూ. బల్ల మీద కూర్చోబెట్టి వీడియో చూపిస్తే ఇది రాదు. ఇద్దరిద్దరిని జతగా నిలబెట్టి ఒకరిని ఇంటివారిగా, ఒకరిని ఉద్యోగిగా పెట్టి చేయించాలి.

లోపలికి వెళ్లాక బ్యాగు వీపు మీద కాకుండా ముందువైపు ఉండాలి. మీటరు మెట్ల కింద ఇరుకు మూలలో ఉంటే అక్కడ ఇరుక్కునే ముందు బయటికి దారి చూసుకోవాలి. వచ్చేటప్పుడు కుక్కకు వీపు చూపించకుండా పక్కవాటుగా నడుచుకుంటూ రావాలి, గేటు వేసి గడియ పడిందో లేదో చూడాలి. కాటు పడేది లోపలికి వెళ్లేటప్పుడే కాదు, పని అయిపోయింది కదా అని గబగబా బయటికి వచ్చేటప్పుడు కూడా. వెళ్లిపోతున్న వీపు కుక్కను రెచ్చగొడుతుంది.

కుక్క ఎదురుగా వచ్చేస్తే పరుగెత్తకూడదు. పరుగు దానిలోని తరిమే గుణాన్ని లేపుతుంది, పైగా పరుగులో మనిషి ఎప్పటికీ ఓడిపోతాడు. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, కొంచెం పక్కకు తిరిగి, కళ్లలోకి గుచ్చి చూడకుండా, అయినా చూపు దాటనివ్వకుండా నిలబడాలి. అరవకూడదు. తక్కువ గొంతుతో గట్టిగా ‘ఆగు’, ‘పో’ అనొచ్చు. మీద పడితే బ్యాగో, హెల్మెటో, రీడింగు పుస్తకమో దాని నోటికి అందించాలి. కింద పడిపోతే బోర్లా ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, మెడనూ చెవులనూ చేతులతో కప్పుకోవాలి. పై అంతస్తుల్లో డెలివరీ ఇచ్చేవాళ్లకు మరో మాట చెప్పాలి. తలుపు తట్టిన వెంటనే రెండు మూడు అడుగులు మెట్ల వైపు జరిగి నిలబడాలి, పిట్టగోడకు ఆనుకుని కాదు. పార్సిల్ కింద పెట్టి ఫోన్ చేసినా ఫర్వాలేదన్న వీలు యాప్‌లో ఉండాలి.

## వీధి కుక్కలు, బండి మీద మనిషి

వీధిలో కుక్కలు గుంపుగా ఉంటాయి కాబట్టి లెక్క మారుతుంది. ఒక్కటి మొరగడం మొదలుపెడితే మిగతావి వంత పాడతాయి, గుంపులో ధైర్యం పెరుగుతుంది. చీకటి ఉండగా వచ్చే పారిశుద్ధ్య కార్మికులు, అర్ధరాత్రి డెలివరీ చేసేవాళ్లు వాటి ప్రాంతం ఖాళీగా ఉన్న వేళలోనే అక్కడికి వెళ్తారు. చెత్తకుండీ కుక్కకు తిండి చోటు, కార్మికుడికి పని చోటు. పిల్లలు పెట్టిన తల్లి కుక్క ఉన్న సందును చలికాలంలో మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

బండిని తరిమే కుక్క విషయంలో అందరూ చేసేది యాక్సిలరేటర్ తిప్పడం, కాళ్లు పైకెత్తడం, కాలితో తన్నడం. మూడూ పడిపోవడానికి దారులే. తరిమేది కదలికను కాబట్టి కదలిక తగ్గితే చాలా కుక్కలు ఆగిపోతాయి. వేగం మెల్లగా తగ్గించి, కాళ్లు బండికి ఆనించి, చూపు రోడ్డు మీదే ఉంచి ఆ సందు దాటాలి. మరీ దగ్గరికి వస్తే బండి ఆపి, దాన్నే అడ్డుగా పెట్టుకుని దిగాలి. ఖాళీ చోట ఇద్దరు ముగ్గురు పట్టుకుని చేయిస్తే ఇది గంటలో అలవాటవుతుంది.

పనిచేసే ఆవరణలోని కుక్కలు మరో సమస్య. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో చనిపోయిన నాలుగేళ్ల బాబు, వాచ్‌మ్యాన్‌గా పనిచేసే తండ్రి వెంట ఆయన పనిచోటుకు వచ్చినవాడే. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధి కుక్కలను తరలించాలని ఆదేశించింది. బడుల్లో, కాలేజీల్లో విద్యార్థులతో పాటు సిబ్బందికి కూడా జంతువుల దగ్గర మెలగాల్సిన తీరు, కాటు పడితే ప్రథమ చికిత్స నేర్పాలన్నది అందులో భాగమే. తరలింపు మీద జరిగినంత వాదన ఈ భాగం మీద జరగలేదు. ఖర్చు తక్కువా ఫలితం ఎక్కువా ఉండే పని మాత్రం ఇదే.

## కాటు పడ్డాక

ఇక్కడ శిక్షణకు ఒక్క లక్ష్యమే ఉంది: ఒక్కరు కూడా రేబిస్‌తో చనిపోకూడదు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అంతకు ముందు సరిగా చికిత్స అందితే దాదాపు అందరూ బతుకుతారు. వైరస్ గాయం నుంచి నరాల వెంట మెదడుకు చేరడానికి సమయం తీసుకుంటుంది. చికిత్స మొత్తం ఆ సమయం లోపల పూర్తి కావాలి.

మొదటిది కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. వైరస్ పొర కొవ్వుతో చేసింది కాబట్టి సబ్బు దాన్ని దెబ్బతీస్తుంది. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు. రక్తం రాని గీరుడుకూ టీకా కావాలి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారుచేసిన యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి. టీకా కండరానికి ఇస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు. చర్మం పొరలో ఇస్తే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివర్లోనే ఆగిపోయింది.

రోజుకూలీ లెక్కన బతికే మనిషి మూడో డోసుకో నాలుగో డోసుకో వెళ్లడం మానేస్తాడు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనో ప్రభుత్వాసుపత్రిలోనో టీకా ఉచితమే అయినా లైనులో పోయే పూట ఉచితం కాదు. డోసు రోజుల్లో జీతం కోయకుండా సెలవు ఇవ్వడం వైద్యపరంగా టీకా ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. రోజూ కుక్కల మధ్య తిరిగే ఉద్యోగానికి ముందుగానే మూడు డోసులు ఇప్పించే పద్ధతి కూడా ఉంది. అలా వేయించుకున్నవాళ్లకు తర్వాత కాటు పడితే 0, 3 రోజుల్లో రెండు డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. ఆ ఇమ్యునోగ్లోబులిన్ దొరకని మండల కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు ఇది చాలా పెద్ద తేడా.

## భారం ఎవరి మీద

కుక్కను నిర్లక్ష్యంగా వదిలేసి మనిషికి హాని జరిగే పరిస్థితి తెచ్చిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత ఐపీసీలో జరిమానా 1,000 ఉండేది. పని చేస్తుండగా, పని కారణంగా గాయపడిన ఉద్యోగికి అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని పరిహారం ఇవ్వాలన్నది 1923 నాటి కార్మికుల పరిహార చట్టం నుంచీ ఉన్న సూత్రం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అది కొనసాగింది. సంస్థ తరఫున వెళ్లిన ఉద్యోగిని కస్టమర్ కుక్క కరిస్తే అది ఈ సూత్రంలోకే వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఎక్కువగా కాట్లు తినేవాళ్లు ఆ అర్థంలో ఉద్యోగులు కారు. డెలివరీ కుర్రాడిని కోడ్ గిగ్ వర్కర్‌గా (నెల జీతం మీద కాకుండా చేసిన పనికింత అని తీసుకునేవాడిగా) గుర్తించి, కంపెనీల నుంచి నిధి వసూలు చేయమంటుంది. యజమాని పరిహారం మాత్రం అతనికి వర్తించదు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. అది మరణించాక కుటుంబానికి ఆసరా. గేటు దగ్గర ఆగమని చెప్పే వ్యవస్థ అది కాదు. బిల్లు కొట్టేవాళ్లు, చెత్త ఆటో సిబ్బంది చాలాచోట్ల కాంట్రాక్టరు మనుషులు. సంస్థ శిక్షణ బాధ్యత కాంట్రాక్టరుదంటుంది, కాంట్రాక్టరు టెండరులో లేదంటాడు.

సమయం ఒత్తిడి దీనికి తోడవుతుంది. గేటు చప్పుడు చేసి పది లెక్కపెట్టడానికి అర నిమిషం పడుతుంది. ఇంటివాళ్లు వచ్చి కుక్కను గదిలో పెట్టడానికి ఇంకో రెండు నిమిషాలు. రోజుకు ముప్పై డెలివరీలు చేసేవాడికి ఇది గంటకు పైగా తేలుతుంది. ఆలస్యమైతే రేటింగ్ పడిపోయి ఇన్సెంటివ్ పోయే పనిలో, ఎంత మంచి శిక్షణ ఇచ్చినా ఆ అర నిమిషాన్ని ఉద్యోగే ముందుగా వదులుకుంటాడు. కాబట్టి శిక్షణ పనిచేయాలంటే యాప్‌లో ‘కుక్క ఉంది, ఆగాను’ అన్న ఒక బటన్ కావాలి, అది నొక్కినప్పుడు గడియారం ఆగాలి. అదే సమాచారం తర్వాత వచ్చేవాడికి చిరునామా పక్కన కనబడాలి. కస్టమరు ఆర్డరు పెట్టేటప్పుడే ‘ఇంట్లో కుక్క ఉందా’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, సగం సమాచారం అక్కడే వస్తుంది.

ప్రభుత్వ శాఖల్లో మొదలుపెట్టడం ఇంకా తేలిక. విద్యుత్ సంస్థల దగ్గర ప్రతి ఇంటి సర్వీసు నంబరు ఉంది, బిల్లింగ్ యంత్రం ప్రతి నెలా ఆ నంబరును తెరుస్తుంది. దానికి పక్కన కుక్క గుర్తుకు ఒక గడి చేర్చి, రీడింగు కాంట్రాక్టు టెండరులో శిక్షణ గంటలను, ముందస్తు టీకాను, డోసు రోజుల జీతాన్ని షరతులుగా రాస్తే, వచ్చే నెల బిల్లుల నుంచే ఏ వీధిలో ఏ గేటు ప్రమాదమో లెక్క తయారవడం మొదలవుతుంది.